యూనిట్ - 14: నగరమంతటా వైఫై - ఫిలడెల్ఫియా ప్రయోగం, డిజిటల్ సమ్మిళితత్వం

విషయక్రమం

14.0 లక్ష్యాలు
14.1 పరిచయం
14.2 నేపథ్యం: లైసెన్సు అక్కరలేని తరంగాలు
14.3 ఫిలడెల్ఫియా పథకం
14.4 టెలిఫోన్ కంపెనీల ప్రతిఘటన
14.5 పథకం విఫలం కావడానికి కారణాలు
14.6 మినియాపోలిస్: వేరొక మార్గం
14.7 ఫిలడెల్ఫియాలో తరువాతి పరిణామాలు
14.8 భారతదేశ అనుభవం
14.9 సారాంశం
14.10 కీలక పదాలు
14.11 మీ ప్రగతిని సమీక్షించుకోండి - సమాధానాలు
14.12 నమూనా పరీక్ష ప్రశ్నలు

14.0 లక్ష్యాలు

ఈ యూనిట్ చదివిన తరువాత మీరు:
- నగరమంతటా వైఫై అందించాలన్న ఆలోచన ఏ సాంకేతిక, ఆర్థిక పరిస్థితులలో పుట్టిందో వివరించగలుగుతారు.
- ఫిలడెల్ఫియా పథకం విఫలం కావడానికి గల కారణాలను విశ్లేషించగలుగుతారు.
- ఫిలడెల్ఫియా, మినియాపోలిస్ నగరాల పద్ధతులను పోల్చగలుగుతారు.
- ఈ అనుభవాల వెలుగులో భారతదేశంలోని పబ్లిక్ వైఫై పథకాలను అంచనా వేయగలుగుతారు.

14.1 పరిచయం

ఊరికి మంచినీరు, వీధి దీపాలు, గ్రంథాలయం కల్పించడం స్థానిక ప్రభుత్వ బాధ్యత అని మనం అనుకుంటాం. కానీ చరిత్రలో ఇవి మొదటి నుంచీ ప్రజాసేవలుగా లేవు. 19వ శతాబ్దంలో అమెరికాలోని అనేక నగరాలలో నీటి సరఫరా, గ్యాసు, ఆ తరువాత విద్యుత్తు ప్రైవేటు కంపెనీల చేతులలో మొదలయ్యాయి. డబ్బున్న పేటలకు ముందుగా చేరాయి. పేదవాడలకు ఆలస్యంగా చేరాయి. వీటిలో ఏది సరుకు, ఏది హక్కు అనే వాదం దశాబ్దాల పాటు నడిచింది.

21వ శతాబ్దం మొదటి దశకంలో అదే వాదం ఇంటర్నెట్ చుట్టూ మళ్లీ తలెత్తింది. వీధి దీపాల స్తంభాలకు వైర్‌లెస్ పరికరాలు బిగించి నగరమంతటికీ ఉచితంగానో, చాలా తక్కువ ధరకో ఇంటర్నెట్ ఇవ్వాలని అమెరికాలో అనేక నగరాలు సంకల్పించాయి. వీటిలో ఎక్కువ చర్చకు వచ్చినది పెన్సిల్వేనియా రాష్ట్రంలోని ఫిలడెల్ఫియా. నాలుగేళ్లు తిరగకుండానే ఆ పథకం కూలిపోయింది. అయినా అది లేవనెత్తిన ప్రశ్న మిగిలే ఉంది. ఇంటర్నెట్ లేనివారు చదువుకు, ఉద్యోగానికి, ప్రభుత్వ సేవలకు దూరమవుతున్నప్పుడు వారికి దానిని అందించే బాధ్యత ఎవరిది? ఆ ఖర్చు ఎవరు భరించాలి?

దూరవిద్య విద్యార్థులకు ఈ ప్రశ్న పరాయిది కాదు. అడ్మిషన్ దరఖాస్తు, పరీక్ష ఫీజు, హాల్‌టికెట్, ఫలితాలు ఇవన్నీ ఇప్పుడు ఇంటర్నెట్ ద్వారానే జరుగుతున్నాయి.

14.2 నేపథ్యం: లైసెన్సు అక్కరలేని తరంగాలు

రేడియో తరంగాలను వాడుకోవాలంటే సాధారణంగా ప్రభుత్వం నుంచి లైసెన్సు పొందాలి. మొబైల్ కంపెనీలు స్పెక్ట్రమ్ వేలంలో వేల కోట్లు చెల్లించేది ఇందుకే. అయితే 1985లో అమెరికాలోని ఫెడరల్ కమ్యూనికేషన్స్ కమిషన్ ఒక ముఖ్యమైన నిర్ణయం తీసుకుంది. 2.4 గిగాహెర్ట్జ్‌తో సహా కొన్ని తరంగ శ్రేణులను, పరిమిత శక్తితో ప్రసారం చేసే పక్షంలో, లైసెన్సు లేకుండానే సమాచార ప్రసారానికి వాడుకోవచ్చని ప్రకటించింది. అప్పటికి ఈ శ్రేణి మైక్రోవేవ్ ఓవెన్ల వంటి పరికరాలకు కేటాయించినది. టెలిఫోన్ కంపెనీలు దానిని పెద్దగా పట్టించుకోలేదు.

ఈ శ్రేణిలో పనిచేసే 802.11 అనే ప్రమాణం 1997లో వెలువడింది. దాని వేగం సెకనుకు 2 మెగాబిట్లు. 1999లో వచ్చిన 802.11బి ప్రమాణంతో వేగం 11 మెగాబిట్లకు పెరిగింది. అదే సంవత్సరం పరికరాల తయారీదారులు ఒక కూటమిగా ఏర్పడి ఈ సాంకేతికతకు వైఫై అనే పేరును ప్రచారంలోకి తెచ్చారు. కొద్ది సంవత్సరాలలోనే వైఫై ల్యాప్‌టాప్‌లలో అంతర్భాగమైంది.

భారతదేశంలో 2.4 గిగాహెర్ట్జ్ శ్రేణిని లైసెన్సు నుంచి మినహాయించినది 2005లో. ఈ రోజు మన ఇళ్లలో ఎవరి అనుమతీ లేకుండా వైఫై రౌటర్ పెట్టుకోగలుగుతున్నామంటే దానికి ఇటువంటి నిర్ణయాలే కారణం.

ఇదే కాలంలో అమెరికాలో డిజిటల్ అంతరం అనే మాట వాడుకలోకి వచ్చింది. ఆ దేశ వాణిజ్య శాఖలోని టెలికమ్యూనికేషన్ల విభాగం 1995 నుంచి వెలువరించిన నివేదికలు కంప్యూటర్లు, ఇంటర్నెట్ వాడకంలో ధనికులకూ పేదలకూ, శ్వేతజాతీయులకూ నల్లజాతీయులకూ, పట్టణాలకూ గ్రామాలకూ మధ్య ఉన్న తేడాను బయటపెట్టాయి. లైసెన్సు ఖర్చు లేని వైఫై ఆ తేడాను చౌకగా పూడ్చగలదన్న ఆశ ఈ నేపథ్యంలో కలిగింది.

14.3 ఫిలడెల్ఫియా పథకం

ఫిలడెల్ఫియా సుమారు 15 లక్షల జనాభా గల పాత పారిశ్రామిక నగరం. కర్మాగారాలు మూతపడటంతో ఉపాధి తగ్గిపోయింది. పథకం రూపొందిన రోజులలో అక్కడ దాదాపు నలుగురిలో ఒకరు పేదరికపు రేఖకు దిగువన జీవించేవారు. బ్రాడ్‌బ్యాండ్ అందిస్తున్నవి ప్రధానంగా రెండు కంపెనీలు. ఒకటి టెలిఫోన్ కంపెనీ వెరైజన్, రెండవది కేబుల్ కంపెనీ కామ్‌కాస్ట్. కామ్‌కాస్ట్ ప్రధాన కార్యాలయం ఈ నగరంలోనే ఉంది.

2004లో మేయర్ జాన్ స్ట్రీట్ నగరమంతటా వైర్‌లెస్ ఇంటర్నెట్ కల్పిస్తామని ప్రకటించారు. నగర ముఖ్య సమాచార అధికారి డయానా నెఫ్ ఈ పథకానికి రూపకల్పన చేశారు. 2005 ఏప్రిల్‌లో వెలువడిన ప్రణాళిక ప్రకారం 135 చదరపు మైళ్లు, అంటే దాదాపు 350 చదరపు కిలోమీటర్ల విస్తీర్ణం మొత్తానికి వైఫై అందించాలి. ఇందుకోసం వైర్‌లెస్ ఫిలడెల్ఫియా అనే లాభాపేక్ష లేని సంస్థను ఏర్పాటు చేశారు.

పథకం నిర్మాణాన్ని జాగ్రత్తగా గమనించండి. నగరం నేరుగా పెట్టుబడి పెట్టలేదు. 2005 అక్టోబరులో అట్లాంటాకు చెందిన ఎర్త్‌లింక్ అనే కంపెనీని ఎంపిక చేసింది. నెట్‌వర్క్ నిర్మాణం, నిర్వహణ ఖర్చు అంతా ఎర్త్‌లింక్‌దే. నగరం తన దీపస్తంభాలను వాడుకోనిస్తుంది. సాధారణ చందాదారులు నెలకు సుమారు 20 డాలర్లు, తక్కువ ఆదాయం గల కుటుంబాలు 9.95 డాలర్లు చెల్లిస్తాయి. ఆదాయంలో కొంత భాగం వైర్‌లెస్ ఫిలడెల్ఫియా సంస్థకు చేరుతుంది. ఆ సంస్థ పేద కుటుంబాలకు కంప్యూటర్లు, శిక్షణ అందిస్తుంది. అంటే ఇది పూర్తిగా ఉచిత పథకం కాదు, చౌక ధర పథకం.

పూర్తి ఉచిత సేవను ప్రతిపాదించిన నగరం శాన్‌ఫ్రాన్సిస్కో. మేయర్ గావిన్ న్యూసమ్ 2004లో ఈ లక్ష్యాన్ని ప్రకటించారు. 2006లో ఎర్త్‌లింక్, గూగుల్ సంయుక్త ప్రతిపాదన ఎంపికైంది. సెకనుకు 300 కిలోబిట్ల వేగంతో ఉచిత సేవను గూగుల్ ప్రకటనల ఆదాయంతో ఇస్తుంది. అంతకంటే వేగం కావలసినవారు ఎర్త్‌లింక్‌కు చందా కట్టాలి. ఇక్కడా నగరం ఖర్చు శూన్యం.

ఎర్త్‌లింక్ ఇంత భారాన్ని ఎందుకు నెత్తికెత్తుకుంది? ఆ కంపెనీ అసలు వ్యాపారం టెలిఫోన్ లైను ద్వారా ఇచ్చే డయల్అప్ ఇంటర్నెట్. చందాదారులు బ్రాడ్‌బ్యాండ్‌కు మారిపోతున్నారు. బ్రాడ్‌బ్యాండ్ ఇవ్వాలంటే కేబుల్, టెలిఫోన్ కంపెనీల లైన్లను అద్దెకు తీసుకోవాలి. 2005 జూన్‌లో బ్రాండ్ ఎక్స్ కేసులో అమెరికా సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పుతో, కేబుల్ కంపెనీలు తమ లైన్లను పోటీదారులతో పంచుకోవలసిన అవసరం లేకుండా పోయింది. అదే ఏడాది టెలిఫోన్ బ్రాడ్‌బ్యాండ్ లైన్ల విషయంలోనూ కమిషన్ అటువంటి నిర్ణయమే తీసుకుంది. ఇతరుల తీగలు దొరకని కంపెనీకి తీగ అక్కరలేని మార్గం ఒక్కటే దారిగా కనిపించింది. పేదల కోసం రూపొందిన పథకం బతుకుతెరువు వెతుక్కుంటున్న ఒక కంపెనీ మీద ఆధారపడిందన్నమాట.

మీ ప్రగతిని సమీక్షించుకోండి - I
1. వైఫై వ్యాప్తికి 1985 నాటి నిర్ణయం ఎలా తోడ్పడింది?
2. ఫిలడెల్ఫియా, శాన్‌ఫ్రాన్సిస్కో పథకాల మధ్య ప్రధాన భేదం ఏమిటి?

14.4 టెలిఫోన్ కంపెనీల ప్రతిఘటన

నగరాలు ఇంటర్నెట్ రంగంలోకి దిగడాన్ని టెలిఫోన్, కేబుల్ కంపెనీలు తీవ్రంగా వ్యతిరేకించాయి. పన్నుల సొమ్ముతో ప్రభుత్వం తమతో పోటీ పడటం అన్యాయమన్నది వారి వాదన. వ్యాపారాన్ని నియంత్రించే నగరమే వ్యాపారిగా మారకూడదన్నది మరొక వాదన. దీనికి నగరాల సమాధానం సూటిగా ఉండేది: మీరు పేదవాడలకు అందుబాటు ధరలో సేవలు ఇచ్చి ఉంటే మాకు ఈ అవసరమే వచ్చేది కాదు.

ఈ పోరాటం శాసనసభలకు చేరింది. 2004 నవంబరు 30న పెన్సిల్వేనియా గవర్నర్ ఎడ్ రెండెల్ ఒక టెలికాం బిల్లుపై సంతకం చేశారు. దాని ప్రకారం రాష్ట్రంలోని ఏ పట్టణమైనా రుసుము తీసుకుని బ్రాడ్‌బ్యాండ్ సేవ అందించదలిస్తే, ముందుగా స్థానిక టెలిఫోన్ కంపెనీకి ఆ అవకాశం ఇవ్వాలి. ఆ కంపెనీ కాదన్న తరువాతే పట్టణం ముందుకు పోవాలి. రెండెల్ అంతకుముందు ఫిలడెల్ఫియా మేయరుగా పనిచేసినవారే. వెరైజన్ ఫిలడెల్ఫియాకు మాత్రం అభ్యంతరం చెప్పనని అంగీకరించింది. ఒక నగరం తప్పించుకుంది కానీ రాష్ట్రంలోని చిన్న పట్టణాలకు దారి మూసుకుపోయింది. అమెరికాలోని మరికొన్ని రాష్ట్రాలలోనూ ఇటువంటి చట్టాలు ఉన్నాయి.

ఈ వివాదం ఫిలడెల్ఫియా నిర్ణయాలపై ప్రభావం చూపింది. ప్రజాధనం ఖర్చు కాకుండా చూస్తే విమర్శకు తావుండదని నగర నాయకత్వం భావించింది. రాజకీయంగా అది తెలివైన నిర్ణయం. ఆర్థికంగా మాత్రం పథకపు బలహీనత అక్కడే ఉంది.

14.5 పథకం విఫలం కావడానికి కారణాలు

సాంకేతిక కారణాలు: 2.4 గిగాహెర్ట్జ్ తరంగాలు ఆరుబయట బాగానే పయనిస్తాయి. ఇటుక గోడలు, చెట్ల ఆకులు వాటిని బలహీనపరుస్తాయి. ఫిలడెల్ఫియాలో ఒకదానికొకటి అంటుకుని ఉండే ఇటుక ఇళ్ల వరుసలు ఎక్కువ. పైగా వైఫైలో సంభాషణ రెండువైపులా జరగాలి. స్తంభం మీది పరికరం నుంచి సంకేతం ఇంట్లోకి చేరినా, చిన్న ల్యాప్‌టాప్ పంపే బలహీనమైన సంకేతం తిరిగి స్తంభం దాకా చేరకపోవచ్చు. ఇంట్లో వాడుకోవాలంటే కిటికీ దగ్గర అదనపు పరికరం పెట్టుకోవలసి వచ్చింది. స్తంభాల మీది పరికరాలు మెష్ పద్ధతిలో ఒకదాని నుంచి మరొకదానికి సమాచారం అందజేస్తాయి. ప్రతి అంచెలోనూ వేగం తగ్గుతుంది. అందువల్ల మొదట వేసిన లెక్క కంటే ఎక్కువ పరికరాలు అవసరమయ్యాయి. ఖర్చు పెరిగింది.

ఆర్థిక కారణాలు: ఒప్పందంలో నగరం కొనుగోలుదారుగా లేదు. పోలీసు, అగ్నిమాపక, నీటి శాఖలు ఈ నెట్‌వర్క్‌ను ఇంత కాలం, ఇంత ధరకు వాడుకుంటాయన్న హామీ లేదు. ఆదాయమంతా వ్యక్తిగత చందాల నుంచే రావాలి. చందాదారులు చివరికి సుమారు 6 వేలకే పరిమితమయ్యారు. ఈ లోగా కేబుల్, టెలిఫోన్ కంపెనీలు తమ తక్కువ వేగపు బ్రాడ్‌బ్యాండ్ ధరలు తగ్గించాయి. 2007లో ఐఫోన్ విడుదలతో మొబైల్ ఇంటర్నెట్ యుగం మొదలైంది.

సంస్థాగత కారణాలు: పురపాలక వైఫైని ప్రోత్సహించిన ఎర్త్‌లింక్ అధిపతి గారీ బెటీ 2007 జనవరిలో మరణించారు. కొత్త అధిపతి రోలా హఫ్ ఈ వ్యాపారాన్ని పునఃపరిశీలించారు. 2007 ఆగస్టులో కంపెనీ దాదాపు 900 మంది ఉద్యోగులను తొలగించింది. అదే నెలలో శాన్‌ఫ్రాన్సిస్కో ఒప్పందం నుంచి తప్పుకుంది. అక్కడ నెట్‌వర్క్ నిర్మాణమే మొదలుకాలేదు. 2008 మేలో ఫిలడెల్ఫియా నుంచి కూడా వైదొలగుతున్నట్లు ప్రకటించింది. సుమారు 1 కోటి 70 లక్షల డాలర్ల విలువైన నెట్‌వర్క్‌ను నగరానికో, లాభాపేక్ష లేని సంస్థకో ఉచితంగా ఇవ్వజూపినా ఒప్పందం కుదరలేదు. ఉచితంగా తీసుకున్నా దాని నిర్వహణ ఖర్చు ఉచితం కాదు కదా. చివరికి స్థానిక పెట్టుబడిదారుల బృందం దానిని స్వీకరించింది. వారి నుంచి 2009 డిసెంబరులో నగరం 20 లక్షల డాలర్లకు కొనుగోలు చేసింది. అయితే ఇళ్లకు ఇంటర్నెట్ ఇవ్వడం కోసం కాదు, ప్రధానంగా నగర ప్రభుత్వ శాఖల అవసరాల కోసం.

ఈ మూడు రకాల కారణాలను విడివిడిగా చూడకూడదు. సాంకేతిక లోపాన్ని డబ్బుతో సరిదిద్దవచ్చు. డబ్బు లేనప్పుడు సంస్థ పట్టుదలగా నిలబడవచ్చు. ఇక్కడ సంకేతం బలహీనమైనప్పుడు అదనపు పెట్టుబడి పెట్టే బాధ్యత ఎవరికీ లేదు. నష్టం వచ్చినప్పుడు కొనసాగించే బాధ్యతా ఎవరికీ లేదు.

14.6 మినియాపోలిస్: వేరొక మార్గం

ఇదే కాలంలో మిన్నెసోటా రాష్ట్రంలోని మినియాపోలిస్ నగరం భిన్నమైన పద్ధతిని ఎంచుకుంది. యూఎస్ ఇంటర్నెట్ అనే స్థానిక కంపెనీతో 2006లో ఒప్పందం చేసుకుంది. నెట్‌వర్క్‌ను కంపెనీ నిర్మిస్తుంది. నగరం 10 సంవత్సరాల పాటు ఏటా కనీసం 12.5 లక్షల డాలర్ల సేవలు కొనుగోలు చేస్తుంది. దీనినే ప్రధాన ఖాతాదారు పద్ధతి అంటారు. నిశ్చితమైన ఆదాయం ఉండటం వల్ల కంపెనీ తొలి ఇబ్బందులను తట్టుకుంది. ఒప్పందంలో భాగంగా కంప్యూటర్ శిక్షణ వంటి కార్యక్రమాల కోసం డిజిటల్ సమ్మిళిత నిధిని కూడా ఏర్పాటు చేశారు.

2007 ఆగస్టు 1న మిసిసిపీ నదిపై ఉన్న ఐ-35డబ్ల్యూ వంతెన సాయంత్రపు రద్దీ సమయంలో కూలిపోయింది. 13 మంది మరణించారు. ఒక్కసారిగా పెరిగిన ఫోన్ల రద్దీతో మొబైల్ నెట్‌వర్కులు స్తంభించాయి. అప్పటికి నగర వైఫై పూర్తి కాకపోయినా వంతెన ప్రాంతంలో పనిచేస్తున్నది. సహాయక సిబ్బంది పటాలు పంపుకోవడానికి, కెమెరా దృశ్యాలు చూడటానికి దానిని వాడుకున్నారు. కంపెనీ ప్రజలకూ ఉచితంగా తెరిచింది. ప్రజాసేవగా నెట్‌వర్క్ విలువను చందాల సంఖ్యతో మాత్రమే కొలవలేమని ఈ సంఘటన చూపింది.

ఫిలడెల్ఫియాలో నగరం ఇంటి యజమాని పాత్రకు పరిమితమైంది. మినియాపోలిస్‌లో నగరం మొదటి కొనుగోలుదారు అయింది. రెండు నగరాలూ వాడినది ఒకే వైఫై సాంకేతికత. ఫలితాలు వేరు కావడానికి ప్రధాన కారణం ఒప్పందంలో ఉన్న ఈ తేడాయే.

మీ ప్రగతిని సమీక్షించుకోండి - II
3. ప్రధాన ఖాతాదారు పద్ధతి అంటే ఏమిటి?
4. ఫిలడెల్ఫియాలో ఇళ్ల లోపల వైఫై సరిగా అందకపోవడానికి కారణాలేమిటి?

14.7 ఫిలడెల్ఫియాలో తరువాతి పరిణామాలు

పథకం ఆగినా దాని వెనుక ఉన్న సమస్య అలాగే ఉండిపోయింది. 2010 తరువాత కేంద్ర ప్రభుత్వ నిధుల సాయంతో ఫిలడెల్ఫియాలో కీస్పాట్స్ పేరిట ఉచిత కంప్యూటర్ కేంద్రాలు వెలిశాయి. గ్రంథాలయాలలో, సామాజిక కేంద్రాలలో ఇంటర్నెట్‌తో పాటు నేర్పించే మనుషులూ ఉండేవారు. 2011లో కామ్‌కాస్ట్ సంస్థ ఎన్‌బీసీ యూనివర్సల్‌ను సొంతం చేసుకున్నప్పుడు, ప్రభుత్వ అనుమతికి ముడిపడిన హామీలలో భాగంగా పేద కుటుంబాలకు చౌక ఇంటర్నెట్ పథకాన్ని ప్రారంభించింది. దాని ధర నెలకు 9.95 డాలర్లు. ఆరేళ్ల క్రితం నగరం తన పేదల కోసం నిర్ణయించిన ధర కూడా సరిగ్గా అంతే.

2020లో కోవిడ్ కారణంగా బడులు మూతపడగానే ఎంతోమంది పిల్లల ఇళ్లలో ఇంటర్నెట్ లేదని తేలింది. ఆ ఏడాది ఆగస్టులో నగరం అవసరంలో ఉన్న విద్యార్థుల కుటుంబాలకు ఉచిత ఇంటర్నెట్ కల్పించే కార్యక్రమాన్ని ప్రకటించింది. 2004లో ఆశయంగా కనిపించినది 2020లో అత్యవసరమైంది.

14.8 భారతదేశ అనుభవం

భారతదేశంలో పబ్లిక్ వైఫై వేరే దారిలో వచ్చింది. ఇక్కడ దానికి ముందు వరుసలో నిలిచినది రైల్వే స్టేషన్. రైల్‌టెల్ సంస్థకు పట్టాల వెంబడి ఆప్టికల్ ఫైబర్ ఉంది. దాని ఆధారంగా గూగుల్ భాగస్వామ్యంతో 2016 జనవరిలో ముంబయి సెంట్రల్‌లో ఉచిత వైఫై ప్రారంభమైంది. అదే ఏడాది విజయవాడ, విశాఖపట్నం, కాచిగూడ స్టేషన్లకు వచ్చింది. 2018 జూన్ నాటికి 400 స్టేషన్లకు విస్తరించింది. కేరళలోని ఎర్నాకులం స్టేషన్‌లో కూలీగా పనిచేసే ఒక యువకుడు ఈ వైఫైతో పాఠాలు వింటూ రాష్ట్ర పబ్లిక్ సర్వీస్ కమిషన్ రాతపరీక్షలో ఉత్తీర్ణుడైన వార్త 2018లో దేశమంతటా వచ్చింది.

2016 సెప్టెంబరులో జియో రాకతో మొబైల్ డేటా ధరలు ఒక్కసారిగా పడిపోయాయి. ఇకపై ఉచిత వైఫై అవసరం తగ్గిందని చెబుతూ గూగుల్ 2020లో వైదొలగింది. రైల్‌టెల్ మాత్రం సేవను కొనసాగించింది. ఫిలడెల్ఫియాతో పోల్చి చూడండి. భాగస్వామి వెళ్లిపోయినా ఫైబర్ ప్రభుత్వ సంస్థదే కాబట్టి సేవ నిలిచింది.

తెలుగు రాష్ట్రాలలో తెలంగాణ ప్రభుత్వం హైదరాబాద్‌లో 2017లో హైఫై పేరుతో ఉచిత వైఫై కేంద్రాలను ప్రారంభించింది. ఆంధ్రప్రదేశ్ ఇళ్లకు నేరుగా ఫైబర్ ఇచ్చే దారి ఎంచుకుంది. 2017 డిసెంబరులో ప్రారంభమైన ఫైబర్‌గ్రిడ్ పథకంలో తీగలను భూమిలో పాతకుండా కరెంటు స్తంభాల మీదుగా లాగి ఖర్చు తగ్గించారు. ప్రారంభంలో నెలకు రూ.149కి ఇంటర్నెట్, టీవీ, టెలిఫోన్ కలిపి ఇవ్వడం దాని ప్రత్యేకతగా ఉండేది.

2020 డిసెంబరు 9న కేంద్ర మంత్రివర్గం పీఎం-వాణి పథకాన్ని ఆమోదించింది. దీనిని అర్థం చేసుకోవడానికి ఒకప్పటి ఎస్‌టీడీ బూత్‌ను గుర్తుచేసుకోవాలి. ఇంటింటా ఫోను లేని రోజులలో వీధి మలుపులో పసుపు రంగు బోర్డు పెట్టుకున్న చిన్న దుకాణమే ఊరికి ఫోను. పీఎం-వాణిలో కిరాణా కొట్టు, టీ దుకాణం వంటివారు లైసెన్సు, రిజిస్ట్రేషన్, రుసుము లేకుండా తమ వద్ద వైఫై పెట్టి చిన్న మొత్తాలకు అమ్ముకోవచ్చు. ఇక్కడ ఒకే కంపెనీ నగరాన్నంతటినీ కప్పాలన్న ఆలోచన లేదు. దుకాణం దగ్గర దుకాణం దగ్గరగా సేవ విస్తరించాలన్నది లక్ష్యం.

న్యాయస్థానాలు కూడా ఈ విషయంపై స్పందించాయి. 2019లో ఫహీమా షిరీన్ కేసులో కేరళ హైకోర్టు ఇంటర్నెట్ అందుబాటును విద్యాహక్కు, గోప్యత హక్కులలో భాగంగా గుర్తించింది. 2023లో కేరళ ప్రారంభించిన కె-ఫోన్ పథకం 20 లక్షల పేద కుటుంబాలకు ఉచిత కనెక్షన్లు ఇవ్వడం లక్ష్యంగా పెట్టుకుంది.

మొబైల్ డేటా చౌక అయింది కాబట్టి డిజిటల్ అంతరం తీరిందనుకోవడం తొందరపాటు. ఇంట్లో ఒకే ఫోను ఉంటే అది ముందు ఎవరి చేతికి వెళుతుంది? తండ్రికా, కొడుకుకా, చదువుకుంటున్న కూతురికా? రోజువారీ డేటా అయిపోయాక వీడియో పాఠం ఎలా పూర్తవుతుంది? చిన్న తెర మీద దరఖాస్తు నింపలేక మీసేవ కేంద్రం ముందు నిలబడేవారి సంగతి ఏమిటి? అందువల్లనే డిజిటల్ సమ్మిళితత్వాన్ని నాలుగు అంశాలుగా చూడాలి: కనెక్షన్, పరికరం, నైపుణ్యం, సొంత భాషలో పనికొచ్చే సమాచారం. వీటిలో ఏ ఒక్కటి లోపించినా మిగిలినవి పూర్తి ప్రయోజనం ఇవ్వవు.

14.9 సారాంశం

లైసెన్సు అక్కరలేని తరంగాల వల్ల వైఫై చౌకగా వ్యాపించింది. దాని ఆధారంగా పేదలకు ఇంటర్నెట్ ఇవ్వాలని ఫిలడెల్ఫియా వంటి నగరాలు 2004 నుంచి ప్రయత్నించాయి. ప్రజాధనం పెట్టకుండా ప్రైవేటు కంపెనీ మీద పూర్తిగా ఆధారపడటం, ఇళ్లలోకి చేరని సంకేతాలు, చాలినన్ని రాని చందాలు పథకాన్ని దెబ్బతీశాయి. మినియాపోలిస్‌లో నగరమే ప్రధాన ఖాతాదారుగా నిలిచి నెట్‌వర్క్‌ను నిలబెట్టింది. భారతదేశంలో ప్రభుత్వ రంగ ఫైబర్, చిన్న దుకాణాల వైఫై అనే మార్గాలు రూపుదిద్దుకున్నాయి. వినియోగదారుడికి ఉచితమైన ప్రతి సేవకూ ఎవరో ఒకరు ఖర్చు భరిస్తారు. ఆ ఎవరో ఒకరు ఎవరన్నది ముందే తేల్చుకున్న చోట సేవ నిలిచింది. తేల్చుకోని చోట పరికరాలు స్తంభాల మీదే మిగిలిపోయాయి.

14.10 కీలక పదాలు

డిజిటల్ అంతరం: ఇంటర్నెట్, కంప్యూటర్ల వాడకంలో సమాజ వర్గాల మధ్య ఉండే తేడా.
డిజిటల్ సమ్మిళితత్వం: కనెక్షన్, పరికరం, నైపుణ్యం, సమాచారం అందరికీ అందేలా చూడటం.
మెష్ నెట్‌వర్క్: వైర్‌లెస్ పరికరాలు ఒకదాని నుంచి మరొకదానికి సమాచారాన్ని అందజేసుకునే ఏర్పాటు.
స్పెక్ట్రమ్: సమాచార ప్రసారానికి వాడే రేడియో తరంగాల శ్రేణి.

14.11 మీ ప్రగతిని సమీక్షించుకోండి - సమాధానాలు

1. కొన్ని తరంగ శ్రేణులను లైసెన్సు లేకుండా వాడుకోనివ్వడంతో తక్కువ ఖర్చుతో వైర్‌లెస్ పరికరాలు తయారుచేసి వాడటం సాధ్యమైంది.
2. ఫిలడెల్ఫియాది చౌక చందా పద్ధతి. శాన్‌ఫ్రాన్సిస్కోలో ప్రకటనల ఆదాయంతో ఉచిత సేవను ప్రతిపాదించారు.
3. నగరం నిర్ణీత కాలం, నిర్ణీత మొత్తానికి సేవలు కొంటానని ముందే హామీ ఇచ్చే పద్ధతి.
4. ఇటుక గోడలు సంకేతాన్ని బలహీనపరచడం, ల్యాప్‌టాప్ సంకేతం తిరిగి స్తంభం దాకా చేరకపోవడం.

14.12 నమూనా పరీక్ష ప్రశ్నలు

I. ఈ క్రింది ప్రశ్నలకు 30 పంక్తులలో సమాధానాలు రాయండి.
1. ఫిలడెల్ఫియా వైర్‌లెస్ పథకం విఫలం కావడానికి గల కారణాలను విశ్లేషించండి.
2. ఇంటర్నెట్‌ను మంచినీరు, విద్యుత్తు వంటి ప్రజాసేవగా పరిగణించవచ్చా? చారిత్రక ఉదాహరణలతో చర్చించండి.

II. ఈ క్రింది ప్రశ్నలకు 10 పంక్తులలో సమాధానాలు రాయండి.
1. 2004 నాటి పెన్సిల్వేనియా టెలికాం చట్టం ప్రభావాన్ని వివరించండి.
2. ఎస్‌టీడీ బూత్‌లకూ పీఎం-వాణి పథకానికీ గల పోలికలు తెలపండి.
3. మీ ఊరిలో లేదా మీ బస్తీలో ఇంటర్నెట్ అందుబాటును కనెక్షన్, పరికరం, నైపుణ్యం, సమాచారం అనే నాలుగు అంశాల ఆధారంగా పరిశీలించి రాయండి.